ఇనుప పట్టు

గేటు బయట స్కూటర్ ఆగిన చప్పుడుకి అంతయ్య దిగ్గున లేచాడు.

ఎల్బీనగర్‌లో, మెయిన్ రోడ్డుకి రెండు సందుల లోపల అతని షెడ్డు. ముందు ఇనుప ఊచల గేటు. దానికి బయటి నుంచి తాళం. తాళంచెవి భార్య సైదమ్మ కొంగుకు కట్టి ఉంది. ఆమె గేటుకు ఎదురుగా స్టూలు వేసుకుని చిక్కుడుకాయలు తుంపుతోంది. లోపల అంతయ్య ఒక్కడే, చుట్టూ తుప్పు పట్టిన పాత వైసులు.

ఇనుప ముక్కని కదలకుండా బిగించి పట్టుకునే ఆ వైసులే అతనికి అన్నం పెట్టాయి. ఎవరూ పట్టించుకోని వాటిని పాత సామాన్లవాళ్ళ దగ్గర ఏరుకొస్తాడు. కిరసనాయిల్లో నానబెట్టి, వైరు బ్రష్షుతో తోమి, బిగుసుకుపోయిన మరని మళ్ళీ వెన్నలా తిరిగేలా చేస్తాడు. ఏ వైసు ఏ కాలానిదో, దానికి ఎంత విలువుందో అతన్ని అడిగితే చాలని ఊళ్ళో పేరు.

ఇప్పుడు ఆ పనిలో మనసు నిలవడం లేదు. పొద్దున బ్రష్షు పట్టుకుంటే చెయ్యి వణికి జారిపోయింది. నెత్తి మీద ఫ్యాను తిరుగుతున్నా చొక్కా తడిసి ముద్దయింది. గోడలు రెండు పక్కల నుంచీ దగ్గరికి జరుగుతున్నట్టుంది.

నిన్నంతా గేటు పట్టుకుని ఊపాడు. సైదమ్మని నోటికొచ్చినట్టు తిట్టాడు. తర్వాత ఏడ్చాడు. ఆమె అన్నం పళ్ళెం గేటు కింద నుంచి లోపలికి తోసి, మళ్ళీ స్టూలు మీద కూచుంది. సందులోవాళ్ళు అడిగితే ఏమీ లేదంది.

స్కూటర్ మీద వచ్చినాయన పేరు పట్టాభి. సొంతూరు భీమవరం, దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది. పాత పనిముట్లు పోగుచెయ్యడం ఆయనకి సరదా. గోనెసంచిలోంచి బరువైన వైసు ఒకటి ఎత్తి గేటు ముందు మెట్టు మీద పెట్టాడు.

“అంతయ్యగారూ, మలక్‌పేటలో పాత ఇల్లు పడగొడుతుంటే దొరికింది. ఇంగ్లండులో చేసిందంటున్నారు. మీరు చూస్తేగానీ నమ్మకం లేదు. అమ్మా, కాస్త గేటు తియ్యండి.”

“గేటు తియ్య సారూ. గట్లనే చూస్తడు,” అంది సైదమ్మ.

పట్టాభి ఆమె వంక వింతగా చూశాడు.

అంతయ్య ఊచల సందుల్లోంచి చేతులు చాచాడు. వైసు ఒళ్ళంతా వేళ్ళతో తడిమాడు. చిన్న సుత్తితో ఒకచోట తట్టాడు. గంట కొట్టినట్టు ఖంగుమంది. ఇంకోచోట తట్టాడు. మొద్దుగా పలికింది.

“ఇంగ్లండుదే సార్. గీడ అక్షరాలు తగుల్తున్నయి, తోమితే తేల్తయి. కానీ లోపట పగిలింది. వెల్డింగ్ కొట్టి పైనుంచి పెయింట్ ఏసిన్రు. చూసెటందుకు మంచిగుంటది గని పనికి ఆగది.”

“బాగుచెయ్యడం కుదరదా?”

“కుదుర్తది. నేను బయటుండాలె గద సార్.” అంతయ్య గొంతు తగ్గించాడు. “శుక్రవారం సంది లోపట ఏసి తాళం పెట్టింది. జర నన్ను బయటికి తియ్యి సార్. నీ కాల్మొక్త.”

పట్టాభి అప్పుడు గమనించాడు, ఆ చేతుల వణుకునీ, లోతుకు పోయిన కళ్ళనీ. “తిండి పెడుతోందా?”

“ఏడ పెడ్తది సార్,” అన్నాడు అంతయ్య, నిండుగా ఉన్న అన్నం పళ్ళేన్ని కాలితో బల్ల కిందికి తోసేస్తూ.

ఈ మనిషి మెత్తనివాడు. ఇదే అదను. గేటు ఒక్కసారి తెరుచుకుంటే చాలు. సందు మలుపు దాటాడంటే ఇక తనని ఎవరూ ఆపలేరు.

“ఏంటమ్మా ఇది? కట్టుకున్నవాణ్ణి ఇలా బంధిస్తారా?” పట్టాభి సైదమ్మ మీదికి వెళ్ళాడు. “ముందు తాళం తియ్యండి.”

“తియ్య సారూ.”

“ఎందుకు తియ్యరు?”

ఆమె ఇంకో చిక్కుడుకాయ తీసుకుని తుంపింది.

నలుగురూ పోగయ్యారు. “నిన్న ఒకటే మొత్తుకున్నడు పాపం. మొగుడూ పెండ్లాల నడుమ మనకెందుకని ఊకున్న,” అంది ఎదురింటి కృష్ణకుమారి. షెడ్డు తన పేరున రాయించుకోవడానికేమోనని ఎవరో అన్నారు. ఒకతను ఫోనెత్తి వీడియో తీయసాగాడు.

“పోలీసులకి ఫోన్ చేస్తున్నాను. ఇక మీరు కూచోవాలి లోపల,” అన్నాడు పట్టాభి.

సైదమ్మ లేచి గేటుకి వీపు ఆనించి నిలబడింది. తాళంచెవిని గుప్పిట్లో బిగించింది. ఎవరో ఆమెని రాక్షసి అన్నారు. నోరు విప్పితే గండం గట్టెక్కుతుంది. విప్పలేదు. వెనక్కి తిరిగి అంతయ్య వంక చూడనైనా లేదు.

చేతికి అందేంత దగ్గరలో ఆమె వీపు. భుజాలు సన్నగా అదురుతున్నాయి. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఇంతమంది ముందు తలవంచుకుని నిలబడటం అంతయ్య చూడలేదు.

పట్టాభి ఫోనుని ఊచల దగ్గరికి తెచ్చాడు. “స్టేషన్ నుంచి అడుగుతున్నారు. భయపడకుండా చెప్పండి. మిమ్మల్ని ఇలా బంధించిందెవరు?”

ఆమె పేరు ఒక్కటి చెబితే చాలు, ఈ పూటే బయట ఉంటాడు. అంతయ్య రెండు చేతులా ఊచలు పట్టుకున్నాడు.

“నేనే సార్,” అన్నాడు. “తాగుడు ఇడిశేదాంక నేనెంత మొత్తుకున్నా తాళం తియ్యొద్దని, ఎవ్వరడిగినా ఎందుకో చెప్పి నా ఇజ్జత్ తియ్యొద్దని, కర్మన్‌ఘాట్ హన్మంతుని ముంగట సైదమ్మతోని నేనే ఒట్టేయించుకున్న.”