మూడు మాటలకు ఒకే రాయి

కొండమీద వెలసిన చంద్రచూడేశ్వరా! కఠినశిలపై పాదం మోపి మా హోసూరును కాచే స్వామీ, ఈ చిన్న కథకు నీవే తోడు.

ఊరి శివారులోని గ్రానైట్ యార్డులో యజమాని శశికుమార్ తల పట్టుకొని కూర్చున్నాడు.

కెలవరపల్లి దగ్గర కడుతున్న ఒక బడిలో నడక దారికి బెంగళూరు ఇంజినీరు మూడు రకాల రాళ్లు అడిగాడు, ముందు శాంపిల్ చూపించమన్నాడు. రఫ్, కోర్స్, రగ్గెడ్. ఈ ఆర్డరు కూడా చేజారితే యార్డుకు తాళం తప్పదు.

"ఈ మూడింటికీ తేడా ఏందమ్మా భువనా?"

ఆఫీసు పనులు చూసే భువన ఫోనులో వెతికింది.

"డిక్షనరీలో అన్నిటికీ గరుకనే ఉంది సార్."

"ఒక గరుకుకు ఇన్ని పేర్లా! ఈ ఇంగ్లీషోళ్లకు వేరే పనే లేదా? ఒకే పలకను మూడు తుంటలు కోయించి ముందర పరిపించు. సరిపోతుంది."

మధ్యాహ్నం ఒక పెద్దాయన వచ్చాడు. నల్లకళ్లద్దాలు, మండుటెండలోనూ తెరవని గొడుగు.

"శాంపిల్ రాళ్లు యాడుండాయప్పా?"

"మీ కాళ్ల ముందరే గదా!"

ఆయన చెప్పులు విడిచి, ఆ మూడింటి మీదా మెల్లగా నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు.

ఇంటికి నాలుగు రాళ్లు కొనే బేరమనుకొని, శశికుమార్ మగ్గుతో నీళ్లు తెచ్చాడు. తడిపితేనే గదా రాతి రంగు తేలేది.

"నీళ్లు పొయ్యొద్దప్పా."

"పొయ్యకుంటే రంగెట్ల తెలుస్తుంది?"

"రంగుతో నాకేం పని? ఈ మూడూ ఒకటే రాయి. నడిచే చోట జారనియ్యని గరుకుండల్ల. అంచులో రవ్వ మాదిరి గుచ్చల్ల. మెట్టుకు ముందర ఎగుడుదిగుడుగా తగలల్ల."

శశికుమార్ సహనం తెగింది.

"పొద్దున్నుంచి ఆ మూడు మాటలతోనే చస్తాండా. మీ పాఠం ఒకటి తక్కువైందా? కొనేదుంటే కొను సామీ, లేకుంటే దావ పట్టు!"

"సరేప్పా."

పెద్దాయన చెప్పులను కాలితోనే వెతికి తొడుక్కొని, గొడుగు నేలకు ఆనించుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంజినీరు ఫోను చేశాడు.

"మూడూ ఒకటే రాయంట గదా శశీ. ఆర్డరు కృష్ణగిరి వాళ్లకు పోయింది."

"ఎవరు చెప్పినారు సార్? చూసేకి ఎవరూ రాలేదే!"

"చూసేకి కాదప్పా, తొక్కేకి వచ్చినారు. అది చూపులేని పిల్లల బడి; దాన్ని కట్టించే మునియప్పగారికి పుట్టుక నుంచీ కళ్లు లేవు."

ఈ కథ విన్నవారందరి పాదాలకు దారి మెత్తనగుగాక! వారి నోట మాట అంతకన్న మెత్తనగుగాక!