సగం ఆరాధన

"ఏయ్, సగం ఆరాధనా! ఎక్కడికి జారుకుంటున్నావ్?"

సంఘ పెద్ద గొంతు చర్చి గుమ్మంలో ఖంగుమంది.

గోడలకు రంగులు వేసే మనిషి చెప్పులు వేసుకుంటూ ఆగిపోయాడు.

ఆ పేరు పెట్టింది పెద్దే. ఎక్కడినుంచో వచ్చి వెనక వరుసలో కూర్చునేవాడు ఆ మనిషి. ప్రసంగం అయిందో లేదో, ప్రభువు బల్ల, అంటే ఆ రొట్టె, ద్రాక్షరసం కూడా తీసుకోకుండా లేచి వెళ్ళిపోయేవాడు.

"పని ఉందయ్యా. ఆలస్యమైతే లోపలికి రానివ్వరు."

"ఏ సినిమా హాల్లో?"

చుట్టూ ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు.

"కాదయ్యా. మీతోనే ఒక మాట చెప్పాలి. ఎన్నిసార్లు అడిగినా..."

"విన్నపం ఉంటే ఆ పెట్టెలో వేసిపో. పాస్టరుగారు ప్రార్థిస్తారు."

"పెట్టెలో వేసే మాట కాదయ్యా. మీ ఇంటి సంగతి."

"మా ఇంటికి మొన్ననే రంగులు వేయించాం. నీతో పని లేదు."

ఈసారి నవ్వు బయటి మెట్లదాకా వినిపించింది.

అతను తల దించుకున్నాడు.

"పోనీ, నాకు బల్ల కాస్త ముందు ఇప్పిస్తారా? అది లేకుండా పోతుంటే ప్రాణం ఉసూరుమంటోందయ్యా."

"ముందు వడ్డించడానికి ఇదేమన్నా హోటలా? ఆ గోళ్ళు చూడు, ఆ చొక్కా చూడు! దేవుడి సన్నిధికి వచ్చే వాలకమేనా అది? రేపటినుంచి ఈ గడప తొక్కకు."

"వందనాలయ్యా," అని అతను మెట్లు దిగాడు.

సంఘ పెద్ద తన గంజిబట్టలు సవరించుకుని ముందు వరుసకు నడిచాడు. చర్చిలో బెంచీలన్నీ ఆయన ఫర్నిచర్ షాపువే. ప్రభువు బల్ల కూడా తన షాపు సరుకేనన్నట్టు ఉండేవాడు. ఆయన ప్రార్థన మొదలుపెడితే చంటిపిల్లలు ఒక కునుకు తీసి లేచేవాళ్ళు.

తోడబుట్టినవాళ్ళు లేరని అందరితో చెప్పేవాడు. నిజానికి ఒక అన్న ఉన్నాడు. తాగి వచ్చి గుమ్మంలో పడితే, పెద్దరికం పోతుందని మెడపట్టి గెంటించాడు.

"మారుమనస్సు లేనివాడు నాకు అన్నే కాడు," అని భార్య నోరు కూడా మూయించాడు.

కొన్నాళ్ళకు పెద్దాసుపత్రినుంచి ఫోన్ వచ్చింది. ఆ అన్న పోయాడు.

ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వార్డులోకి వెళ్ళాడు పెద్ద. మంచం మీది మనిషివైపు సరిగ్గా చూడలేదు.

"గుట్టుగా కానిచ్చేద్దామమ్మా. పదిమందికీ తెలియడం బాగోదు," అన్నాడు నర్సుతో.

"మీరే తమ్ముడుగారా!" నర్సు చేతులు జోడించింది. "అదృష్టవంతుడండీ మీ అన్నయ్య. తమ్ముడికి తనమీద కోపం పోయిందని వార్డంతా చెప్పుకుని మురిసేవాడు. మిమ్మల్ని దీవిస్తూనే కన్నుమూశాడు."

"నన్నా? కోపం పోయిందని ఎవరు చెప్పారు?"

"అదేంటండీ! రంగులు వేసే ఆయన. ఈ వార్డుకు రంగులు వేస్తున్నప్పుడు మీ అన్నయ్యే బతిమాలి మీ చర్చికి పంపించాడు, తమ్ముణ్ణి ఒక్కసారి పిలుచుకురమ్మని. అప్పట్నించీ ఆదివారం ఆదివారం చర్చినుంచి సరాసరి ఇక్కడికే. ఒళ్ళు తుడిచేవాడు, ముద్దలు కలిపి తినిపించేవాడు."

సంఘ పెద్ద చేతిలోని రుమాలు కిందికి జారింది.

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పొద్దున మీ అన్నయ్య కళ్ళు మూసి, దుప్పటి కప్పి వెళ్ళిపోయాడండీ. వేరే ఊళ్ళో పని దొరికిందట."

"వచ్చినప్పుడు నా గురించి ఏం చెప్పేవాడు?"

నర్సు మంచం మీది దుప్పటి సర్దుతూ అంది:

"'మీ తమ్ముడు ఇవాళ కూడా మీకోసం ఏడ్చి ప్రార్థన చేశాడు, నన్ను పంపింది ఆయనే' అని చెప్పేవాడండీ."