ఉడుత పట్టిన ముల్లు

ముళ్లపంది రాల్చిన జానెడు ముల్లు దొరికేసరికి ఉడుతకు కాళ్లు నేలమీద నిలవలేదు. "ఇక పామును రానీ, దాని పని చెబుతా!" అంటూ చెట్టు చుట్టూ గంతులేసింది.

"ఆగు అమ్మడూ! నా దగ్గర పది రోజులు నేర్చుకున్నాకే ముల్లు పట్టాలి, అది మన అడవి కట్టుబాటు," అన్నాడు ముళ్లపంది తాత. "అలికిడైతే ముందు తిరిగి చూడాలి. ఆ తర్వాతే పొడవాలి."

"నీ పాఠాలయ్యేదాకా పాము ఆగుతుందా తాతా?"

అంతలో వెనక ఆకులు గలగలలాడాయి. "వచ్చేసింది!" అంటూ ఉడుత కళ్లు మూసుకుని కసుక్కున పొడిచేసింది.

కుయ్యోమన్నది పాము కాదు, రోజూ ఆ పామును తరిమే ముంగిస మామ. చెవికి చిల్లు పడింది.

"పామనుకున్నా మామా!" ఉడుత ముల్లు కింద పడేసింది.

ముంగిస చెవి అదుముకున్నాడు. "ఇన్నాళ్లూ ఈ చెట్టు దగ్గరికి పామొక్కటే భయపడుతూ వచ్చేది. ఇక నేనూ అలాగే రావాలి."