కిటికీ వైపు గోడ

“ఇదేంటి నాయనా, డొల్లగా మోగుతోంది?” బండి కొనడానికొచ్చిన పెద్దావిడ వేలి కణుపుతో గోడను టకటకా కొట్టింది.

వడ్రంగి గుండె గుభేలుమంది. కారు వెనక తగిలించుకుని ఊళ్ళు తిరిగే ఆ చిన్న ట్రైలర్ ఇల్లు అతను కట్టిన మొదటి బండి. ఎండా చలీ లోపలికి రాకుండా గోడలన్నిటిలో ప్లైవుడ్ పలకల మధ్య థర్మోకోల్ దట్టంగా కూరాడు. కిటికీ వైపు గోడ దగ్గరికొచ్చేసరికి సరుకు అయిపోయింది. ఎవరు చూడొచ్చారులే అని ఖాళీగానే మూసేశాడు.

“కిటికీ ఉంది కదమ్మా, అందుకే ఆ మోత,” అన్నాడు నీళ్ళు నములుతూ.

ఆవిడ వింటేగా! తలుపు సందులో కాగితం పెట్టి లాగి చూసింది. పైకప్పు అతుకులను గోటితో గీరింది. లారీ డ్రైవరుగా రిటైరైన ఆవిడ భర్త నవ్వాడు.

“పెళ్ళిచూపుల్లో నన్నూ ఇలా పరీక్షించి ఉంటే బతికిపోయేవాణ్ణి మేస్త్రీ.”

“పరీక్షిస్తే మీరు పాసయ్యేవారా?” అని ఆవిడ లోపలికి వెళ్ళింది. “నేను తలుపూ కిటికీ మూసుకుని కూర్చుంటాను. మీరు ఈ గోడ అవతల నిలబడి ఏదైనా మాట్లాడండి. మాట దూరిందంటే చలి దూరదా?”

పెద్దాయన గోడ ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు.

“ముప్ఫై ఏళ్ళు లారీ నడిపాను మేస్త్రీ,” అన్నాడు. “దారిలో మంచి కొండ కనపడ్డా, ఏరు కనపడ్డా, పక్క సీట్లో ఈవిడ ఉంటే ఎంత బాగుండు అనిపించేది. ఇంటికెళ్ళాక మాత్రం కాఫీ చల్లారిందనో, చొక్కా నలిగిందనో రుసరుసలాడేవాణ్ణి. ఆ మాట చెప్పడం చేతకాకే ఈ బండి కొందామంటున్నాను.”

తలుపు తెరుచుకుంది.

“ఒక్క ముక్క వినపడితే ఒట్టు! గోడ భేషుగ్గా ఉంది. ఇదే తీసుకుందాం. మీరెళ్ళి కారు తీసుకురండి.”

పెద్దాయన హుషారుగా కదిలాడు. వడ్రంగికి మాత్రం ఇది మింగుడుపడలేదు. ఆవిడకు చెవుడేమోనన్న అనుమానం కూడా వచ్చింది. ఈ వయసులో వీళ్ళిద్దరూ ఆ గోడ పక్కన చలికి వణుకుతూ పడుకోవడం తలుచుకుంటే సిగ్గేసింది.

“అమ్మా, తప్పయిపోయింది. ఆ గోడలో ఏమీ లేదు. రెండు రోజులు ఆగండి, విప్పి నింపేస్తాను.”

ఆవిడ గబుక్కున గోడకు అడ్డంగా నిలబడింది.

“చెయ్యి వేశావంటే బేరం రద్దు నాయనా! ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన మనసులో మాట నా చెవిన పడింది ఆ గోడ పుణ్యమానే.”