నూటికి తొంభై ఆరు

"నీకు మందు పనిచేస్తుంది. నూటికి తొంభై ఆరు పాళ్లు," అన్నాడు కాలేయం డాక్టరు, కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే.

ఎదురుగా పదిహేడో నంబరు రోగి. వృత్తి దర్జీ. పదేళ్లుగా ఒంట్లో హెపటైటిస్ వైరస్.

"నాకెందుకులెండి డాక్టరుగారూ. ఇంకెవరికైనా ఇవ్వకూడదా?"

"ఇదేమన్నా బస్సులో సీటా, లేచి ఇచ్చేయడానికి? నెక్స్ట్!"

పద్దెనిమిదో నంబరు లోపలికొచ్చింది. ఒక హాస్టల్లో వంటమనిషి. అదే వైరస్. నలభై ప్రశ్నలకు జవాబులు నొక్కగానే కంప్యూటర్ 'ఆరు' అని చూపించింది.

"నీకు పనిచేయదమ్మా. ఉన్న మందే తక్కువ. నీకిచ్చి పాడుచేయలేం. నెలనెలా వచ్చి రక్తం మాత్రం ఇచ్చి వెళ్లు."

"మందే లేనప్పుడు రక్తమెందుకండీ?"

"నా లెక్క నిజమని రుజువు కావద్దూ?"

మందు ఎవరికి పనిచేస్తుందో ముందే చెప్పే ఆ లెక్క ఆయన కన్నబిడ్డ. రెండేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. మందివ్వని వాళ్లలో ఒక్కరికీ రోగం తగ్గలేదు మరి! ఆస్పత్రిలో అందరూ చాటుగా ఆయన్ని 'జోస్యం డాక్టర్' అనేవారు.

ఎనిమిది వారాలు గడిచాయి. పెద్ద సదస్సులో ఆ లెక్క గురించి ప్రసంగించడానికి ఇంకా రెండు రోజులుందనగా రిపోర్టులొచ్చాయి.

పదిహేడు: వైరస్ ఎక్కడిదక్కడే. పద్దెనిమిది: సున్నా.

డాక్టరు నమ్మలేదు. మళ్లీ పరీక్ష చేయించాడు. మళ్లీ అదే. దర్జీని పిలిపించి విరుచుకుపడ్డాడు.

"మందు మింగుతున్నావా, మురిక్కాలవలో పోస్తున్నావా?"

"ఒక్క బిళ్ల వృథా పోలేదండీ. ఒట్టు!" దర్జీ ఖాళీ అట్టలన్నీ బల్లమీద పేర్చాడు. లెక్క సరిపోయింది.

"సార్, ఆ ఇద్దర్నీ కూర్చోబెట్టి ఓసారి మాట్లాడితే..." నసిగింది నర్సు.

"కంప్యూటర్‌కి తెలియనిది వాళ్లకేం తెలుస్తుంది సిస్టర్?"

సాయంత్రానికల్లా డాక్టరుకి దారి దొరికింది. ప్రసంగానికి కొత్త పేరు పెట్టాడు: 'మందు లేకుండానే వైరస్‌ను జయించిన మహిళ'. చప్పట్లు అప్పుడే చెవుల్లో మోగుతున్నాయి. పరువు తీసిన దర్జీ చేతిలో మాత్రం మిగిలిన నాలుగు వారాల మందూ విసుగ్గా పడేసి, "పో, ఇదీ తగలెయ్" అన్నాడు.

దర్జీ గేటు దాటి, వీధి మలుపులో ఎదురుచూస్తున్న పద్దెనిమిదో నంబరు చేతిలో ఆ పొట్లం పెట్టి, "ఇంకో నాలుగు వారాలేనే, మానకు" అన్నాడు భార్యతో.