ఇద్దరాడవాళ్ల ‘మనం’

“తప్పు,” అంది టీచరమ్మ. “నొసోత్రోస్ అనాలి. మళ్లీ చెప్పు.”

నర్సు పుస్తకంలోకి ఓసారి తొంగిచూసింది. స్పానిష్ మొదలుపెట్టి పట్టుమని పది రోజులు కాలేదు. యో అంటే నేను, తు అంటే నువ్వు, ఉస్తెద్ అంటే మీరు. అక్కడిదాకా బండి బాగానే నడిచింది. ‘మనం’ దగ్గరికొచ్చి చతికిలబడింది.

“అందరూ ఆడవాళ్లే ఉంటే నొసోత్రాస్ అని నిన్న మీరే చెప్పారు కదండీ?”

“చెప్పాను. కానీ వందమంది ఆడవాళ్ల మధ్య ఒక్క మగవాడున్నా అది నొసోత్రోస్ అయిపోతుంది. వాళ్ల పద్ధతి అది.”

“ఇక్కడున్నది మీరూ నేనేగా?”

చూపు పోయి ఆరేళ్లయిన టీచరమ్మ కళ్లు నర్సు భుజం మీదుగా ఎటో నిలిచాయి. కిటికీ మూసే ఉంది. అయినా నర్సు మెడ వెనక సన్నగా చలి పాకింది.

“సరే, ‘ఎల్’ చూద్దాం. మనకైతే వాడు, అతను, ఆయన, వారు అని ఒక్క మగాడికి ఇన్ని. వాళ్లకి ఎల్ ఒక్కటే.”

“అల్లుడికీ, దొంగకీ కూడానా?”

“ఒక్కోసారి ఇద్దరూ ఒకరేగా!”

ఇద్దరూ పకపకా నవ్వారు. టీచరమ్మ నవ్వు మధ్యలో ఆగిపోయింది. చెవి రిక్కించి, ఎవరి మాటో విన్నట్టు మెల్లగా తలూపింది.

నర్సు పదకొండేళ్లు పెద్దాసుపత్రిలో చేసింది. కిందటేడు ఒక మధ్యాహ్నం వార్డులో గంట మోగింది. పొద్దుటినుంచీ నిలబడి కాళ్లు పీకుతున్నాయి, చేతిలో టీ వేడిగా ఉంది. తాగేసి వెళ్దాంలే అనుకుంది. వెళ్లేసరికి ఆ మనిషి వేలు గంట మీటమీదే ఉంది. ప్రాణం లేదు. ఎలాగూ దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. టీ సంగతి ఆమె కన్నతల్లికి కూడా చెప్పలేదు. ఆ గంట వినబడనంత దూరం, సముద్రం దాటి పోవాలి. అందుకే ఈ భాష, రెండు నెలల్లో పరీక్ష.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర వంటామె ఎదురైతే ఉండబట్టలేక అడిగింది.

“అమ్మగారి మతి బాగానే ఉందా? తలుపు తీస్తూ నన్ను ‘రండి’ అంటారు, లోపలికెళ్లాక ‘నువ్వు’ అంటారు.”

“నిక్షేపంలా ఉంది. నిన్నటి పాలలెక్క కూడా చెబుతారు.” వంటామె గొంతు తగ్గించింది. “కాకపోతే మీరొచ్చే వేళకి మూడో కుర్చీ వేయమంటారు. అయ్యగారు పోయి తొమ్మిదేళ్లు. ఒకరంటే ఒకరికి ప్రాణం.”

నర్సు మనసు చివుక్కుమంది. నొసోత్రోస్ గుట్టు ఇదా! చనిపోయిన మొగుణ్ణి కూడా లెక్కలో కలుపుకుంటోంది పిచ్చితల్లి. అలాంటి మనిషిని రోజూ సరిదిద్దబోయినందుకు తనని తానే తిట్టుకుంది.

మర్నాడు కూర్చుంటూనే, అడక్కుండానే చెప్పింది. “నొసోత్రోస్ ఎస్తామోస్ అకీ. మనం ఇక్కడ ఉన్నాం.”

టీచరమ్మ మొహం వికసించింది. “హమ్మయ్య! ఇన్నాళ్లకి ఒప్పుకున్నావు.”

“అర్థమైందండీ.” నర్సు ఆమె చెయ్యి పట్టుకుంది. “అయ్యగారు ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉన్నారు. ఆయన్ని కూడా కలుపుకుని ‘మనం’ అంటున్నారు.”

టీచరమ్మ నర్సు చేతిని నిమిరింది.

“ఆయన కోసం తొమ్మిదేళ్లు చెవులు కాయలు కాచేలా ఎదురుచూశానమ్మా. ఒక్కసారైనా ఈ గుమ్మం తొక్కలేదు.”

“మరి...” నర్సు మూడో కుర్చీ వైపు చూసింది. “ఎవరిని కలుపుతున్నారు?”

“రోజూ నీ వెనకాలే వచ్చే ఆయన్ని.”