వినిపిస్తోందా?

"ఆగండి! చెరపొద్దు!"

వైర్ల మాస్టారి వేలు తెర ముందు గాల్లోనే ఆగిపోయింది. కారు ముందు సీట్లో కూర్చున్నావిడ ఆయన చెయ్యి పట్టుకున్నంత పని చేసింది.

"అదేంటమ్మా? మీ ఫోన్ జత చేయించుకోడానికి వచ్చారనుకున్నా! ఈ పాత ఫోన్ పేరు తీసేసి మీది ఎక్కిద్దామని..."

"ఆ పాత పేరు కోసమే వచ్చాను."

తెర మీద 'మహారాణి' అని ఉంది. మాస్టారికి నవ్వొచ్చింది. బంగారం, బండోడు, తిక్కశంకరుడు... కార్ల తెరల మీద ఇలాంటి పేర్లు ఆయన రోజుకి పది చూస్తారు. ఆమె ముఖం చూసి ఆ నవ్వు మింగేశారు.

కార్లకి స్పీకర్లు, బ్లూటూత్ సెట్లు అమర్చడంలో ఆ బజారు మొత్తానికి మాస్టారి తర్వాతే ఎవరైనా. పని అయిపోగానే బండిని గాలికొదిలేసే రకం కాదాయన. వెనకే ఫోన్ చేసి బాగోగులు కనుక్కుంటారు. అందుకే ఒకసారి వచ్చినవాళ్లు ఇంకో గడప తొక్కరు.

"మహారాణి ఎవరమ్మా?"

"మా తోటికోడలు. అక్కా అనే పిలిచేదాన్ని. ఎనిమిది నెలల కిందట ఈ కారులోనే పోయింది."

ఇంకా ఆరని రంగు వాసన, కొత్తగా బిగించిన ముందు అద్దం ఎందుకో మాస్టారికి అప్పుడు అర్థమైంది. షెడ్డు గుమ్మం దగ్గర ఒకాయన ఇటు వీపు పెట్టి నిలబడి ఉన్నారు.

"మా బావగారు. అక్క భర్త" అందామె గొంతు తగ్గించి. "నాతో మాట్లాడరు."

"ఏం?"

"మలుపులో కారు గోడకి గుద్దుకుంది. పరుగెత్తుకొచ్చినవాళ్లకి లోపల స్పీకర్లలోంచి ఎవరిదో గొంతు వినపడిందట. 'వినిపిస్తోందా, హలో, వినిపిస్తోందా' అని. ఆ గోలలో అది ఆడగొంతో మగగొంతో కూడా పోల్చుకోలేదు వాళ్లు. రోజూ ఆ వేళకి అక్కకి ఫోన్ చేసేది నేను. అందుకని నేనే అన్నారు."

"మీరు చెయ్యలేదా?"

"మా పాపకి ఒళ్లు కాలిపోతోందండీ ఆ రోజు. నాకు ఫోన్ ఎక్కడుందో కూడా తెలీదు. తర్వాత తీసి చూపిస్తే, చెరిపేసుంటావన్నారు. అక్క ఫోన్ ఆ గుంపులో ఎటుపోయిందో, మళ్లీ దొరకలేదు. మా అత్తగారు నా చేతి మంచినీళ్లు ముట్టరు. మా ఆయనైతే, 'ఒప్పేసుకుని ఓ దణ్ణం పెడితే పోలా' అన్నారు."

ఆమె గొంతు వణకలేదు. ఏడుపు ఎప్పుడో ఇంకిపోయిన గొంతు అది.

"రేపు కారు అమ్మేస్తున్నారు. వచ్చిన కాల్స్ కారు సెట్టులో కూడా ఉంటాయని మొన్నెవరో చెప్పారు. కాళ్లావేళ్లా పడి బావగారిని తీసుకొచ్చాను."

మాస్టారికి ఒళ్లు మండిపోయింది.

"బండి నడిపేవాళ్లకి ఫోన్ చేసేవాళ్లని అనాలమ్మా ముందు! చేతులు ఖాళీగా ఉంటే సరిపోతుందా, ధ్యాస ఎటు పోతుందో చూడొద్దూ? అవతల మనిషి ఏమైపోయినా వీళ్ల కబురు వీళ్లకి ముఖ్యం. ఆ చేసినవాడెవడో ఈ ఎనిమిది నెలలూ కడుపునిండా తిని కంటినిండా నిద్రపోయుంటాడు. నింద మీరు మొయ్యాలి!"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తనవైపు మాట్లాడిన మనిషి దొరకడం ఆమెకి ఇదే మొదలు.

"సార్!" మాస్టారు గుమ్మం వైపు కేకేశారు. "ఇలా రండి. ఎవరో చెప్పింది కాదు, మీ కళ్లతో మీరే చూడండి."

ఆయన కదలడానికి కొంత సమయం పట్టింది. వచ్చి, లోపల కూర్చోకుండా కిటికీలోంచి వంగారు.

"ఇదిగోనమ్మా, ఈ గుర్తు నొక్కితే వస్తుంది. ఇంటి సంగతి, మీరే చూసుకోండి" అని మాస్టారు దిగిపోయి, అవతలి గోడ దగ్గర వైరు చుట్ట చుట్టడం మొదలుపెట్టారు. చెవులు మాత్రం ఇటే ఉన్నాయి.



"ఒక్కటే కాల్ ఉంది." ఆమె గొంతు. "తేదీ చూడండి. టైము చూడండి. ఇది నా నంబరేనా? మీ నోటితో మీరు చెప్పండి, బావగారూ."

"కాదు."

మళ్లీ కాసేపటికి, "కాదమ్మా" అన్నారాయన.

మాస్టారి కళ్లు చెమర్చాయి. న్యాయం ఎక్కడికీ పోలేదనుకున్నారు.

"ఫోన్ చేత్తో పట్టుకుని నడపొద్దని పోరు పెట్టింది నేనే" అంటున్నారు బావగారు, తనలో తానే అనుకుంటున్నట్టు. "ఆ రోజే పెట్టించుకుంది ఈ సెట్టు. ఇంటికి కూడా రాలేదు. మరి ఎవడు వీడు?"

"చేసి అడగండి సార్!" మాస్టారు అక్కణ్నుంచే అరిచారు. "వదలకండి. నాలుగు దులపండి వెధవని!"

బావగారు తెర చూస్తూ ఒక్కొక్క అంకె తన ఫోన్లో నొక్కి, చెవి దగ్గర పెట్టుకున్నారు.

మాస్టారి జేబులో ఫోన్ మోగింది.